ఈడబ్ల్యూఎస్‌టూల్స్ సమీక్ష: చెరువు చెడకముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మన తిరుపతి, చిత్తూరు చెరువులకు పనికొస్తుందా?

చెరువులో నీళ్లు ఉన్నట్టుండి పచ్చ రంగు తిరగడం, తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలడం మన వైపు కొత్త కాదు. అలాంటి మార్పు రాబోతోందని కొన్ని వారాల ముందే పసిగట్టవచ్చని చెప్పే లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కలన్నీ ఒకచోట పెట్టిన ఉచిత పైథాన్ ప్యాకేజీ ఈడబ్ల్యూఎస్‌టూల్స్. థామస్ బ్యూరీ రాసిన దీన్ని 2023లో విడుదల పత్రంతో సహా అందరికీ అందుబాటులో పెట్టారు. పర్యావరణం, మత్స్యశాస్త్రం చదివే విద్యార్థులు, చెరువు లీజుకు తీసుకున్న సంఘాలకు సలహాలిచ్చేవాళ్లు, ఊరి చెరువు మీద ప్రేమ ఉండి కంప్యూటర్ తెలిసినవాళ్లు దీన్ని వాడొచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న.

తీర్పు ముందే చెప్పేస్తాం. రోజుకొక్క నమ్మదగిన కొలతైనా ఉన్న చెరువుకు ఇది చాలా మంచి పనిముట్టు. నెలకోసారి సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపేచోట దీనితో పని లేదు, ఏడాదికి పన్నెండు అంకెలతో ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చెప్పలేదు. ఇంకో మాట: దీని విలువలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్‌లో లేదు. శుభ్రంగా ఉంచిన సెన్సరులోనూ, పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న రెండో చెరువులోనూ ఉంది.

లెక్క వెనక ఉన్న ఆలోచన కష్టమైనదేం కాదు. ఆరోగ్యంగా ఉన్న చెరువును ఒక గాలివాన కుదిపితే రెండు మూడు రోజుల్లో తన స్థితికి వచ్చేస్తుంది. లోపల్లోపల బలం తగ్గుతున్న చెరువు కోలుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. అలా నెమ్మదించినప్పుడు అంకెల్లో రెండు మార్పులు కనిపిస్తాయి. ఇవాళ్టి విలువ నిన్నటి విలువను మరింతగా పోలి ఉంటుంది, అంటే ఆటోకోరిలేషన్ పెరుగుతుంది. దెబ్బ మీద దెబ్బ పోగవుతూ ఊగిసలాట పెద్దదవుతుంది, అంటే వేరియన్స్ పెరుగుతుంది. రోజువారీ ఆటోకోరిలేషన్ 0.5 ఉంటే కుదుపు ఒక్క రోజులో సగమవుతుంది. 0.9 ఉంటే సగం కావడానికి సుమారు ఆరున్నర రోజులు, 0.97 ఉంటే దాదాపు 23 రోజులు. 0.9 నుంచి 0.97కు అన్నది గ్రాఫులో చిన్న మెట్టులా కనిపించినా, చెరువుకు అది చాలా పెద్ద తేడా.

ఇది కాగితం మీది సిద్ధాంతం మాత్రమే కాదు. అమెరికాలోని మిషిగన్‌లో పీటర్ అనే చిన్న సరస్సులో స్టీఫెన్ కార్పెంటర్ బృందం పెద్ద వేట చేపలను కొద్దికొద్దిగా వదులుతూ అక్కడి ఆహారపు గొలుసును కావాలనే తలకిందులు చేసింది. మార్పు పూర్తికాక ముందే, ఏడాదికి పైగా ముందు, హెచ్చరిక సంకేతాలు కనిపించాయని 2011లో ప్రచురించారు. పక్కనే ఉన్న పాల్ సరస్సును ముట్టుకోకుండా పోలిక కోసం ఉంచారు. తర్వాత అదే పీటర్ సరస్సులో ఎరువు కలుపుతూ నీలాకుపచ్చ నాచు పెరిగేలా చేసి, 2015లో సంకేతాలు కనిపించగానే ఎరువు ఆపేశారు. నాచు వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 2017లో వచ్చింది. హెచ్చరికను విని పని ఆపితే చెరువు నిలబడుతుందని మొత్తం సరస్సు మీద చూపించిన పని కాబట్టి, ఈ రంగంలో అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇదే.

ఇక వాడకం. పైథాన్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా పిప్ ఆదేశంతో ఒక్క వరుసలో ఎక్కుతుంది. సొంత కంప్యూటర్ లేకపోతే, ఇంటర్నెట్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్‌లో నడుస్తుంది, కాలేజీ విద్యార్థులకు అదే సులువు. మొదటి రోజే మీ చెరువు అంకెలు పెట్టకండి. ప్యాకేజీతోపాటే రికర్ నమూనా వస్తుంది: చేపల వేటను మెల్లగా పెంచుకుంటూ పోతే ఒక దశలో చేపల సంఖ్య కుప్పకూలే లెక్క అది. దాన్ని నడిపి, కూలిన సమయాన్ని ట్రాన్సిషన్ అనే చోట ఇవ్వండి. ఆ సమయం తర్వాతి అంకెలను సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకోదు. కూలడానికి ముందు వేరియన్స్, ఆటోకోరిలేషన్ గీతలు రెండూ ఎలా లేస్తాయో చూసుకుంటే, అసలు సంకేతం ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

సొంత అంకెలతో పని నాలుగు ఆదేశాలే. అంకెలను టైమ్‌సిరీస్‌గా (కాలక్రమంలో పేర్చిన వరుసగా) ఇవ్వాలి, డీట్రెండ్ చేయాలి (అంటే మెల్లగా సాగే ధోరణిని తీసేయాలి), వేరియన్స్ లెక్కించాలి, ఆటోకోరిలేషన్ లెక్కించాలి. చివర కెండాల్ టౌ అడిగితే, ఆ గీత పైకి పోతోందా కిందికి పోతోందా అన్నది మైనస్ 1 నుంచి 1 దాకా ఒక్క సంఖ్యలో చెబుతుంది. వేరియన్స్, ఆటోకోరిలేషన్‌లను ఒక్కోసారి ఎన్ని రీడింగుల ముక్క మీద లెక్కించాలో చెప్పేది కిటికీ; అది వరుస వెంట ముందుకు జరుగుతూ పోతుంది. కిటికీ పొడవును పూర్ణ సంఖ్యగా ఇస్తే ఆ సంఖ్య మేరకు రీడింగులు, 1 కన్నా చిన్న సంఖ్య ఇస్తే మొత్తంలో అంత భాగం. చెప్పకుండా వదిలేస్తే పావు భాగం తీసుకుంటుంది. పావు భాగాన్ని గుడ్డిగా వదిలేయొద్దు. రోజువారీ అంకెలకు 30, 45, 60, 90 రోజుల కిటికీలు నాలుగూ పెట్టి చూడాలి. డీట్రెండ్‌లో ధోరణిని ఎంత మేర చదును చేయాలో చెప్పే వెడల్పును కూడా రెండు మూడు రకాలుగా మార్చాలి. ఎలా మార్చినా టౌ పైవైపే ఉంటే నమ్మొచ్చు. ఒక్క అమరికలోనే బాగా వచ్చి మిగతావాటిలో పడిపోతే, అది చెరువు చెప్పిన మాట కాదు, మనం ఎంచుకున్న అమరిక చెప్పిన మాట.

ఏ అంకె ఇవ్వాలన్నది అసలైన ప్రశ్న, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఐదు నిమిషాలకోసారి రాసుకునే సెన్సరు రోజుకు 288 రీడింగులు ఇస్తుంది. అవన్నీ నేరుగా పెడితే ఆటోకోరిలేషన్ దాదాపు 1 వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఐదు నిమిషాల్లో చెరువులో ఏముంటుంది మారడానికి? పైగా నాచు ఉన్న చెరువులో మధ్యాహ్నం ఆక్సిజన్ ఆకాశాన్నంటి తెల్లవారుజామున అడుగంటుతుంది, ఆ రాత్రీపగలు ఊగిసలాటే లెక్కనంతా మింగేస్తుంది. అందుకని రోజుకు ఒక్క అంకెగా కుదించాలి. తెల్లవారుజామున నమోదైన అతి తక్కువ విలువ ఒక వరుస, రోజులో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా ఇంకో వరుస. మొదటిది చేపల ప్రాణానికి దగ్గరి అంకె, రెండోది నాచు ఎంత జోరు మీద ఉందో చెప్పే అంకె. రెండిట్లో ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే రెండోదే మేలు, అది ముందుగా కదులుతుంది.

మన వాతావరణం తెచ్చే చిక్కులు వేరు. పీటర్ సరస్సు మాదిరిగా మట్టం నిలకడగా ఉండే నీళ్లు కావు మనవి. నైరుతిలో కొంత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో కొంత వాన పడి చెరువు నిండుతుంది, మరవ పారుతుంది, తూము తెరిస్తే దిగుతుంది, ఏప్రిల్, మే నెలల్లో మోకాటి లోతుకు వస్తుంది. నీళ్లు తగ్గేకొద్దీ ఊగిసలాట దానంతటదే పెరుగుతుంది. లోతు తగ్గిన నీళ్లు త్వరగా వేడెక్కి త్వరగా చల్లారతాయి కాబట్టి చెరువు చెడకపోయినా వేరియన్స్ లేస్తుంది. దీనికి విరుగుడు చవకైనదే: కట్ట దగ్గర ఒక కొలబద్ద నాటి రోజూ మట్టం రాయడం. ఆక్సిజన్ వరుస పక్కన మట్టం వరుస కూడా పెట్టుకుని, ముందు మట్టం, ఉష్ణోగ్రతల ప్రభావాన్ని తీసేసి మిగిలినదాన్ని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. ఒక్క ఎండాకాలం అంకెలతో హెచ్చరిక ప్రకటించడం ఎప్పుడూ తొందరపాటే, కనీసం రెండు ఎండాకాలాలు పోల్చాలి.

మేలో సాయంత్రం పిడుగుల వాన ఒకటి పడి అడుగు నీళ్లు పైకి తిరగబడితే, ఆక్సిజన్ ఒక్క రాత్రికి పడిపోతుంది. ఆ ఒక్క రోజు 60 రోజుల కిటికీలో ఉన్నంత కాలం వేరియన్స్ ఎత్తుగా ఉండి, 61వ రోజు టక్కున దిగుతుంది. గ్రాఫు చదునైన దిమ్మెలా లేచి సరిగ్గా కిటికీ పొడవంత నిలబడి దిగిందంటే, అది ఒక్క సంఘటన మిగిల్చిన మచ్చ. సంకేతం కాదు. అసలు సంకేతం మెట్టు మెట్టుగా, పెద్ద కుదుపులేవీ లేకపోయినా లేస్తుంది. లాగుడు వలతో చేపలు పట్టిన రోజు, పిల్లలు వదిలిన రోజు, ఏరియేటర్ నడిపిన రాత్రులు, తూము తెరిచిన రోజు, ఇవన్నీ పుస్తకంలో రాయకపోతే ఆరు నెలల తర్వాత ఆ దిమ్మె ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

రీడింగులు పోయిన రోజుల విషయంలో జాగ్రత్త. బ్యాటరీ అయిపోయి పది రోజులు ఖాళీ వస్తే, రెండు చివరలను సరళరేఖతో కలిపేయడం అందరికీ అలవాటు. సరళరేఖలో ప్రతి రోజూ ముందు రోజును పోలి ఉంటుంది, కాబట్టి ఆటోకోరిలేషన్ కృత్రిమంగా లేస్తుంది, వేరియన్స్ పడుతుంది. ఇది పరీక్షగా కూడా పనికొస్తుంది: సిద్ధాంతం ప్రకారం రెండూ కలిసి లేవాలి. ఒకటి లేచి ఇంకొకటి పడుతుంటే చెరువును అనుమానించే ముందు అంకెల పట్టికను అనుమానించాలి. ఖాళీ ఒకటి రెండు రోజులైతే పూడ్చుకోవచ్చు. వారం దాటితే ఆ చోట వరుసను తెంచి రెండు ముక్కలుగా లెక్కించడమే మంచిది.

ఇక సెన్సరు. సాఫ్ట్‌వేర్ సమీక్షలో దీనికింత చోటెందుకంటే, మన చెరువుల్లో తప్పుడు హెచ్చరికల మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. వెచ్చటి, పోషకాలున్న నీటిలో సెన్సరు మూతి మీద కొద్ది రోజుల్లోనే జిగురు పొర కడుతుంది. ఆ పొర వల్ల సెన్సరు మందగిస్తుంది, నీటిలో మార్పు వచ్చినా ఆలస్యంగా చూపిస్తుంది. ఆలస్యంగా చూపించడమంటే ఇవాళ్టి అంకె నిన్నటిదాన్ని పోలి ఉండటమే. చెరువు నెమ్మదించినా, సెన్సరు నెమ్మదించినా సాఫ్ట్‌వేర్‌కు ఒకేలా కనిపిస్తుంది! ఆ పొరలోని నాచు పగలు ఆక్సిజన్ వదిలి, రాత్రి పీల్చి, రోజువారీ తేడాను కూడా పెంచుతుంది. అంటే మురికి పట్టిన సెన్సరు ఒక్కటే రెండు సంకేతాలనూ నకలు చేయగలదు.

కాబట్టి కాంతితో పనిచేసే సెన్సరునే కొనండి, పొరతో పనిచేసే పాత రకానికి నీటి కదలిక కావాలి, నిర్వహణ ఎక్కువ. మూతి చుట్టూ రాగి జల్లెడ ఉంటే పొర కట్టడం తగ్గుతుంది. ఎండాకాలంలో వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడవక ముందు ఒక రీడింగ్, తుడిచాక అదే బకెట్ నీటిలో ఇంకో రీడింగ్ రాయాలి. రెండిటి మధ్య లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు మించి తేడా ఉంటే ఆ వారం అంకెలు పక్కన పెట్టాలి. తేలే బుంగకు కట్టి, నీటి పైనుంచి అరమీటరు లోతులో ఉండేలా వేలాడదీయాలి, గుంజకు బిగిస్తే మట్టం దిగినప్పుడు సెన్సరు గాలిలో మిగులుతుంది. తూముకూ, కాలువ కలిసేచోటుకూ, ఎనుములు దిగే రేవుకూ దూరంగా ఉండాలి.

సెన్సరు నిజం చెబుతోందా అని చూడటానికి ఏ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోనైనా ఉండే వింక్లర్ పద్ధతి చాలు. 300 మిల్లీలీటర్ల సీసా బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్ ఒక మిల్లీలీటరు, క్షార అయోడైడ్ అజైడ్ ఒక మిల్లీలీటరు చెరువు దగ్గరే వేసి మూత బిగించి తిప్పాలి. గోధుమ రంగు మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు వేస్తే కరిగిపోతుంది. అందులో 201 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో, చివర్లో గంజి వేసి నీలం పోయేదాకా టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. నెలకోసారి ఇది చేసి సెన్సరు అంకెతో పోల్చండి. 30 డిగ్రీల శుభ్రమైన నీరు నిండుగా పట్టుకునే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం నాచు చెరువులో అంతకు రెట్టింపు కనిపించినా సెన్సరు పాడైందని వెంటనే అనుకోనక్కర్లేదు.

మళ్లీ సాఫ్ట్‌వేర్‌కు వస్తే, టౌ 0.7 వచ్చిందని సంబరపడటానికీ భయపడటానికీ లేదు. పక్కపక్క కిటికీలు ఒకే అంకెలను పంచుకుంటాయి కాబట్టి, ఏ మార్పూ లేని చెరువులో కూడా టౌ ఎక్కువగా రావచ్చు. మీ వరుస పొడవే ఉండి, అదే సగటు ఆటోకోరిలేషన్ ఉన్న వెయ్యి నకిలీ వరుసలు తయారుచేసి, ఒక్కోదాని టౌ లెక్కించండి. కొన్ని వరుసల పైథాన్‌తో అయిపోయే పని. మీ టౌ ఆ వెయ్యిలో 950 కన్నా పైన ఉంటేనే మాట్లాడాలి. చెడిపోయిన చెరువులనే ఏరి వాటి పాత అంకెల్లో సంకేతాలు వెతికితే తప్పుదారి పడతామని కార్ల్ బోయెటిగర్, అలన్ హేస్టింగ్స్ 2012లోనే హెచ్చరించారు. రెండో చెరువు కావాలనేది అందుకే. అదే వాన, అదే ఎండ పడే, మురుగు కలవని దగ్గరి చెరువులో ఇంకో సెన్సరు వేయండి. రెండిట్లోనూ గీతలు లేస్తే కారణం వాతావరణం. అనుమానమున్న చెరువులో మాత్రమే లేస్తే అప్పుడు అడుగు వేయాలి. ఒక్క చెరువుకు ఖరీదైన సెన్సరు పెట్టడం కన్నా, రెండు చెరువులకు మామూలువి పెట్టడమే సరైన ఖర్చు.

ఈ ప్యాకేజీలో ఎక్కువ పేరొచ్చింది డీప్ లెర్నింగ్ (ఉదాహరణల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) భాగానికి. బ్యూరీ బృందం 2021లో ప్రచురించిన ఈ పద్ధతి, రాబోయే మార్పు ఏ రకమో సంభావ్యతలతో చెబుతుంది: ఫోల్డ్, హాప్ఫ్ (నిలకడ పోయి ఊగిసలాట మొదలవడం), ట్రాన్స్‌క్రిటికల్ (ఒక్కసారిగా కూలకుండా మెల్లగా ఇంకో స్థితిలోకి జారడం), లేదా ఏమీ లేదు. ఒక్కసారిగా కూలి తిరిగి రావడం కష్టమైన మార్పు ఫోల్డ్ రకం కాబట్టి ఆలోచన గొప్పది. ఈ భాగానికి టెన్సర్‌ఫ్లో అనే ఇంకో ప్యాకేజీని విడిగా ఎక్కించాలి, బరువైనది. దీనికి నేర్పిన వరుసల పొడవు 500, 1500 అంకెలు. రోజుకొక అంకె చొప్పున 500 అంటే ఏడాదిన్నరకు దగ్గర. తక్కువ ఉంటే ముందు భాగాన్ని సున్నాలతో నింపుకుంటుంది. నేర్చుకున్నదంతా గణిత నమూనాల మీదే, మరవ పారే చెరువు దానికి తెలియదు. మొదటి ఏడాది ఈ భాగాన్ని తెరవొద్దన్నదే మా సలహా. రెండేళ్ల శుభ్రమైన వరుస చేతికొచ్చాక చూడొచ్చు.

ఇది చూడలేనివీ ఉన్నాయి, అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట ప్రమాదంలో పడి కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలాంటి బయటి దెబ్బకు ముందస్తుగా నెమ్మదించడం ఉండదు. ఒక్క రాత్రిలో వచ్చి కలిసిన రసాయన వ్యర్థమూ అంతే. పులికాట్‌లో సముద్ర ముఖం పూడితే ఉప్పదనం మారిపోతుంది, అదీ బయటినుంచి వచ్చిన మార్పే. మురుగు కొద్దికొద్దిగా పెరగడం, నీటి మొక్కలు తరిగిపోవడం, అడుగు బురదలో భాస్వరం పోగవడం లాంటి మెల్లని ఒత్తిడికే ఈ పద్ధతి సరిపోతుంది. తేదీ కూడా చెప్పదు. చెరువు అంచుకు జరుగుతోందని చెబుతుంది, అంచు ఎంత దూరమో చెప్పదు.

సంకేతం వస్తే ఏం చేయాలో అంకెలు మొదలుపెట్టే రోజే సంఘంతో కూర్చుని రాసుకోవాలి. వరుస ఇది: ముందు సెన్సరు తుడిచి వింక్లర్‌తో సరిచూడటం, రెండో చెరువు గీత చూడటం, ఆ తర్వాత మురుగు కాలువ మళ్లించడం, మేత తగ్గించడం, కోళ్ల ఎరువు వేస్తుంటే ఆపడం, పెద్ద చేపలను ముందే పట్టి అమ్మేయడం. ఇవన్నీ చెరువు పచ్చబడక ముందు చేస్తే తక్కువలో పోతుంది. ఒకసారి పచ్చబడ్డాక పోషకాలను పాత మట్టానికి దించినా నీరు తేటపడదు, అంతకన్నా చాలా కిందికి దించాలి. లోతు తక్కువ నీళ్లకు ఈ గుణం బాగా తెలిసినదే.

చెరువు కాకుండా శేషాచలం అడవి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇది సరైన పనిముట్టు కాదు, ఆర్ భాషలోని స్పేషియల్‌వార్నింగ్స్ చూడాలి. 2018లో వచ్చిన ఈ ప్యాకేజీ రచయితల్లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన విశ్వేశ గుత్తల్ కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి అంకెలు లేకపోయినా ఒక్క ఉపగ్రహ చిత్రంతో పని మొదలవుతుంది. పచ్చదనం ముక్కలు ఎంతెంత పరిమాణంలో ఉన్నాయి, పక్కపక్క గళ్లు (పిక్సెళ్లు) ఎంత పోలి ఉన్నాయి అన్నది చూసి, గళ్లను కలగాపులగం చేసిన నకిలీ చిత్రాలతో పోల్చి చెబుతుంది. సెంటినల్-2 చిత్రాలు 10 మీటర్ల వివరంతో ఉచితంగా దొరుకుతాయి. కొండ నీడలను పచ్చదనంగా పొరబడకుండా ఏటవాలు ప్రాంతాలను ముందే కత్తిరించాలి. ఏటా ఒకే నెల చిత్రాలనే పోల్చాలి. మేఘాల బెడద తక్కువ ఉండే ఫిబ్రవరి, మార్చి ఇందుకు అనువైనవి, కాకపోతే ఆకురాల్చే చెట్లు అప్పటికే బోడిగా ఉంటాయి కనుక ఆ తేడాను అడవి క్షీణతగా చదవకూడదు.